నడుమునొప్పికి ఫ్లోరైడే కారణమా, మైలోమానా: తేల్చుకొనే విధం

కనిగిరి, దర్శి వైపు నడివయసు దాటినవారికి నడుము పట్టేసిందంటే ముందుగా వినిపించే మాట ఫ్లోరైడు నీళ్లు. ఆ అనుమానం అకారణం కాదు. అయితే నొప్పితో పాటు రక్తహీనత, పెరుగుతున్న క్రియాటినిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే వ్యర్థం) ఒకే మనిషిలో కనిపిస్తే, మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ కాదని తేలిన తరువాతే నీళ్ల మీద నెపం వేయాలి.

ఎముక మజ్జలో ప్లాస్మా కణాలు మామూలుగా నూటికి 5 లోపే ఉండి, రకరకాల యాంటీబాడీలను తయారుచేస్తాయి. మైలోమాలో ఒకే కణం సంతతి అదుపు తప్పి పెరిగి, ఎందుకూ కొరగాని ఒకే రకం ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతుంది; రక్తకణాలు పుట్టే చోటును అది ఆక్రమించడంతో హీమోగ్లోబిన్ పడిపోతుంది, ఎముకను కరిగించే కణాలు రెచ్చిపోయి ఎముక గుల్లబారుతుంది, కరిగిన కాల్షియం రక్తంలో చేరుతుంది, ప్రోటీన్ ముక్కలు మూత్రపిండాల నాళికల్లో అడ్డుపడతాయి.

మొదట ఇంట్లో ఉన్న పాత లివర్ పరీక్ష కాగితం తీసి, మొత్తం ప్రోటీన్‌లోంచి ఆల్బుమిన్‌ను తీసివేయండి. ఉదాహరణకు 9.8లో 3.1 పోతే 6.7 మిగులుతుంది; ఈ మిగులు డెసిలీటరుకు 4 గ్రాములు దాటితే వైద్యుణ్ణి తప్పక అడగాలి. దాటకపోయినా అనుమానం తీరినట్లు కాదు. రక్తంలో ఆ ఒకే రకం ప్రోటీన్‌ను, దాని ముక్కలను వెతికే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫొరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చైన్ పరీక్షలు చేయించమనండి. ఎలక్ట్రోఫొరెసిస్ గీతలో చివరి భాగం ఆరోగ్యవంతులకు ఎత్తు తక్కువ దిబ్బలా పరచుకొని ఉంటుంది, ఈ జబ్బులో చాలామందికి తుమ్మముల్లులా నిటారుగా లేస్తుంది. మూత్రంలో ముంచే పట్టీ ప్రధానంగా ఆల్బుమిన్‌నే పట్టుకుంటుంది, మైలోమా ప్రోటీన్ ముక్కలను కాదు కనుక, అందులో ఏమీ లేదన్నంత మాత్రాన నిశ్చింత పడకూడదు.

ఎక్స్‌రేలో తేడా స్పష్టం: ముదిరిన ఫ్లోరోసిస్‌లో (ఫ్లోరైడు వల్ల వచ్చే ఎముకల జబ్బు) ఎముక చిక్కబడి మరింత తెల్లగా కనిపిస్తుంది, మైలోమాలో పుర్రె మీద ఉలితో తొలిచినట్లు గుండ్రని నల్లని రంధ్రాలు ఉంటాయి. ఎముక చాలావరకు కరిగితే గాని ఎక్స్‌రేకు చిక్కదు, కాబట్టి అది బాగుందన్నా సీటీ లేదా ఎమ్మారై అవసరం పడవచ్చు.

మజ్జ పరీక్ష అనగానే వెన్నులో సూది గుచ్చుతారని భయపడతారు గాని, తుంటి ఎముక వెనుక భాగంలో మత్తు ఇచ్చి తీస్తారు. ఒకే సంతతికి చెందిన ప్లాస్మా కణాలు నూటికి 10 గాని, అంతకు మించి గాని ఉండి, వాటి వల్ల ఎముకకో మూత్రపిండానికో రక్తానికో చేటు కనిపిస్తే జబ్బు నిర్ధారణ అవుతుంది.

తేలేలోగా డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు సొంతంగా మింగవద్దు, మూత్రపిండాలు మరింత దెబ్బతింటాయి. నాటు వైద్యుల చేత నడుము తొక్కించవద్దు, గుల్లబారిన పూస విరుగుతుంది. కాళ్లు ఉన్నట్టుండి చచ్చుబడినా, మూత్రం బిగుసుకున్నా ఆ గంటలోనే ఒంగోలుకో నెల్లూరుకో బయలుదేరాలి.