చెక్క యోయో, నాలుగో పాఠం: ముందు బెజ్జం, తర్వాతే గుండ్రం

ఈసారి ఇరుసు (యోయో రెండు బిళ్ళలను కలిపే పుల్ల), దారం చెప్తానని మాటిచ్చాను. ఆ మాట సగమే నిలబెట్టుకుంటాను. మీరు పంపిన వీడియోలు చూశాక ముందుకెళ్ళడానికి మనసొప్పలేదు. ఒకరి యోయో దిగేటప్పుడు కల్లు తాగినవాడిలా ఊగుతోంది. ఇంకొకరిది సగం దూరంలో పక్కకి ఒరిగి దారాన్ని పట్టేసుకుంటోంది. మరొకాయన బిళ్ళ కోసిన నాలుగో రోజుకే అంచు నుంచి నడిమి దాకా పగిలింది.

పగిలిన బిళ్ళ సంగతి చిన్నది, ముందు అది తేల్చేస్తాను. ఆయన పెరట్లో మామిడి కొమ్మ కొట్టి, దాన్ని క్యారెట్ తరిగినట్టు అడ్డంగా కోశారు. పచ్చి కర్ర ఆరేటప్పుడు వలయాల చుట్టూ కుదించుకుపోయేది, నడిమి నుంచి అంచు వైపు కుదించుకుపోయే దానికి దాదాపు రెట్టింపు. అలాంటప్పుడు బిళ్ళ పగలక ఏం చేస్తుంది? కొమ్మ వద్దు, పలక కావాలి. అదీ బాగా ఆరిన పలక. పాత ఇళ్ళు కూల్చిన చోట అమ్మే తలుపు చెక్కలు, ద్వారబంధాలు నాకు అన్నిటికన్నా ఇష్టం. ముప్పై నలభై ఏళ్ళు ఆరిన టేకు అక్కడ దొరికినంత చవగ్గా అడితిలో దొరకదు. మేకులు మాత్రం చూసి పీకండి. నా రంపం పళ్ళు రెండు అలాగే పోయాయి.

ఇక ఊగే యోయో, ఒరిగే యోయో. ఇందులో నా తప్పూ ఉంది. మూడో పాఠంలో 'బిళ్ళకు బెజ్జం వేయండి' అని రాశానే గాని ఎప్పుడు వేయాలో రాయలేదు. అందరికీ తెలిసిందేలే అనుకున్నాను. మీలో చాలామంది ముందు బిళ్ళను గుండ్రంగా, అద్దంలా నున్నగా చేసి, ఆ తర్వాత స్కేలు పెట్టి కేంద్రం వెతికి, అక్కడ డ్రిల్లు దించారు. ఇది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే అంత ఓపికగా చేసిన గుండ్రమంతా ఆ ఒక్క నిమిషంలో వృథా.

డ్రిల్లు బిట్టు మీరు చెప్పిన చోటికి వెళ్ళదు. కర్రలో ఒక గీత గట్టిగా, పక్క గీత మెత్తగా ఉంటుంది. బిట్టు మెత్తని వైపు జారుతుంది. ఒక్క మిల్లీమీటరు జారినా 56 మి.మీ. బిళ్ళలో బెజ్జం నుంచి అంచు ఒకవైపు 27, ఎదురువైపు 29 అవుతుంది. కంటికి తెలియదు, దారం మీద తెలిసిపోతుంది. పైగా రెండు బిళ్ళల్లో అది రెండు దిక్కులకు జారుతుంది.

యోయోకి కేంద్రం అంటే మీ కంపాసు ముల్లు గుచ్చిన చోటు కాదు, బెజ్జం ఉన్న చోటు. కాబట్టి బెజ్జం ముందు వేసి, దాని చుట్టూ గుండ్రం చేయాలి. 16 మి.మీ. మందం పలకలో చదరపు ముక్క తీసుకోండి, ఉజ్జాయింపు నడుమ 8 మి.మీ. బెజ్జం వేయండి. అటూ ఇటూ అయినా పర్లేదు. నిటారుగా మాత్రం దిగాలి. పక్కన మూలమట్టం (ఎల్ ఆకారపు కొలబద్ద) నిలబెట్టుకుని దాన్ని చూస్తూ దించండి. తర్వాత బెజ్జం చుట్టూ 60 మి.మీ. వృత్తం గీసి, రంపంతో మోటుగా కోయండి. అలాంటి బిళ్ళలు రెండు లోపలి ముఖాలు కలిపి 8 మి.మీ. బోల్టుకు ఎక్కించి, వాషర్లు వేసి నట్టు బిగించండి. బోల్టు వదులుగా ఉంటే ఒక చుట్టు సెల్లోటేపు చాలు. బోల్టు కొసను డ్రిల్లు మిషన్‌లో బిగించి, మిషన్‌ని వైస్‌లో (బల్లకు బిగించే పట్టులో) పట్టించండి. తిరుగుతున్న బిళ్ళలకు 60 నంబరు సాండ్ పేపరు ఆనించండి. 56 వచ్చేదాకా అరిగితే ఇక ఆ గుండ్రం బెజ్జానికి తప్పడానికి వీల్లేదు, రెండు బిళ్ళలూ ఒకే కొలత. విప్పే ముందు రెండు అంచుల మీదుగా ఒక పెన్సిల్ గీత గీయండి, అతికేటప్పుడు అదే వరసలో కలపాలి. గ్లవ్స్, చున్నీ, వదులు చేతుల చొక్కా వద్దు.

లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) ఉన్నవాళ్ళు నవ్వుకోవచ్చు. లక్క బొమ్మల ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీదే తిప్పుతూ లక్క పుల్ల ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన డ్రిల్లు మిషన్ దాని ముందు ఎంత!

ఏ కర్ర అని అడిగారు. టేకుతో నా యోయో 44 గ్రాములు వచ్చింది, చింత చేవతో అదే కొలతకు 60. చింత చేతికి బరువుగా, ఎక్కువసేపు తిరుగుతుంది గాని సాండ్ పేపర్లు తినేస్తుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతికే చోట థిన్నరుతో తుడవకపోతే ఫెవికాల్ పట్టదు. కొండపల్లి బొమ్మల పొణికి చెక్కడానికి వెన్నే, యోయోకి మాత్రం మరీ తేలిక. మామిడి పర్లేదు, ముడి లేని ముక్క చూసుకోండి. ఎర్రచందనం అడిగిన తమ్ముడూ, యోయో కోసం జైలుకెళ్ళకు.

ముడి ఉన్న వైపు బరువు. బిళ్ళను సన్నని ఊచకు తగిలించి మెల్లగా తిప్పండి. ప్రతిసారీ ఒకే చోటు కిందికొచ్చి ఆగితే బరువు అక్కడే. ఆ అంచు లోపలివైపు కాస్త అరగదీయండి.

ఇరుసు: తుమ్మ చేవ పుల్లను 8 మి.మీ. బెజ్జం వేసిన ఇనుప పట్టీలోంచి సుత్తితో కొట్టి దూర్చండి, గుండ్రంగా వస్తుంది. పొడవు 35 మి.మీ. బిళ్ళల మధ్య 3 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఉంచి అతకండి, ఆరాక లాగేయండి. ఇరుసు నడుమ జిగురు అంటకూడదు.

దారం ఇరుసుకు ముడేయకండి, ఇద్దరు ముడేశారు. నూలు దారం రెండు పేటలుగా మెలిపెట్టి, కొసన మెలి విప్పి ఆ ఉచ్చును ఇరుసుకి తొడగాలి. అప్పుడే యోయో కింద ఆగి తిరుగుతుంది. 1928లో కాలిఫోర్నియాలో యోయోల తయారీ మొదలుపెట్టిన ఫిలిప్పీన్స్ మనిషి పెడ్రో ఫ్లోరెస్ దారాలు కట్టిందీ ఇలాగే.

అభ్యాసం: ఒకే పలకలోంచి ఐదు జతలు చేయండి. ప్రతి బిళ్ళనీ అరగ్రాము వరకు తూచి పుస్తకంలో రాయండి. పది బిళ్ళల్లో దగ్గరి బరువున్నవి రెండే అతకండి. మిగతా ఎనిమిది పారేయకండి, వచ్చే పాఠంలో వాటితో పని ఉంది.