చెయ్యి కాలిన పిల్లలకు ఇంట్లో ఆక్యుపేషనల్ థెరపీ ఎలా చేయించాలి?

ఇస్త్రీపెట్టె పట్టుకునో, బైకు సైలెన్సర్ ముట్టుకునో అరచెయ్యి కాల్చుకున్న పిల్లలకు పుండు మానాకే అసలు పని మొదలవుతుంది: చెయ్యి మళ్లీ రోజువారీ పనులకు వచ్చేలా చేయించే ఆక్యుపేషనల్ థెరపీ. మచ్చ మెత్తబడటానికి ఏడాది నుంచి రెండేళ్లు పట్టొచ్చు. అన్నాళ్లూ అది చర్మాన్ని లోపలికి లాగుతూనే ఉంటుంది. పైగా చెయ్యి పెరుగుతుంది గానీ మచ్చ అంతగా సాగదు.

1. స్ప్లింట్, అంటే చేతిని ఒకే తీరులో పట్టి ఉంచే ప్లాస్టిక్ ఆసరా. అరచెయ్యి కాలితే వేళ్లు చాచి, విడదీసి, బొటనవేలు బయటికి ఉండేలా థెరపిస్టు చేస్తారు. చేతి వెనకవైపు కాలితే పిడికిలి కణుపులు మడిచి, వేళ్లు చాచి ఉంచుతారు. అందుకే ఒకరి స్ప్లింట్ ఇంకొకరికి పనికిరాదు. కొత్తది వేసిన అరగంటకు తీసి చూడండి. ఎర్రటి గుర్తు మరో అరగంటకైనా పోకపోయినా, బొబ్బ లేచినా, వేళ్ల కొసలు చల్లబడినా మళ్లీ వేయకుండా థెరపిస్టుకు చూపించండి. వేడినీళ్లలో కడిగినా, ఎండలో నిలిపిన కారులో మరిచిపోయినా ఆ ప్లాస్టిక్ వంకరపోతుంది.

2. మాలిష్, సాగదీయడం. చర్మం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి. వేరే చోటి చర్మం తీసి అతికించి (గ్రాఫ్ట్) ఉంటే సర్జన్ సరేననాలి. వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, రోజుకు 3, 4 సార్లు, 5 నుంచి 10 నిమిషాలు, మచ్చ తెల్లబడేంత ఒత్తిడితో గుండ్రంగా రుద్దండి. పైపైన నిమిరితే లాభం లేదు. అయితే కొత్త చర్మం తొందరగా బొబ్బలెక్కుతుంది కాబట్టి మొదటి వారాల్లో మెల్లగా.

తర్వాత మచ్చ తెల్లబడే దాకా సాగదీసి 20, 30 సెకన్లు పట్టి ఉంచండి. చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే: పిల్లలు మణికట్టును కిందికి వంచేస్తారు, వేళ్లు చక్కగా చాచినట్టే కనిపిస్తాయి, మచ్చ మాత్రం సాగదు. మణికట్టు, వేళ్లు కలిపి వెనక్కి సాగాలి. గుంజితే చర్మం చీలుతుంది, ఆపైన చెయ్యి ఇవ్వనే ఇవ్వరు.

3. ప్రెజర్ గ్లవ్ (మచ్చను అదిమి ఉంచే బిగుతు తొడుగు) డాక్టరు రాస్తే అది చేతికి రోజుకు దాదాపు 23 గంటలు ఉండాలి. రెండు తీసుకోండి, ఒకటి నీడన ఆరుతుంటే ఇంకొకటి చేతికి. రెండు మూడు నెలలకు ఎలాస్టిక్ వదులవుతుంది, మార్చాలి.

4. ఆటలు. స్పాంజ్ బంతి పిసికించమని ఇరుగుపొరుగు చెబుతారు. అరచెయ్యి కాలిన బిడ్డకు ముడవడం వచ్చు, రానిది చాచడం. చపాతీ పిండిని అరచేత్తో అదిమించండి, గోడకు రెండు చేతులూ ఆనించి తోయించండి. కాస్త పెద్దపిల్లలైతే అచ్చనగిల్లలు: ఎగరేసిన గిల్లను చేతి వెనకవైపు ఆపాలంటే వేళ్లు చాచక తప్పదు. చింతగింజలతో వామనగుంటలు చివరి మెట్టు, వేళ్ల కొసలకు పని.

5. అన్నం. కుడిచెయ్యి అయితే చెంచా అలవాటు చేసి వదిలేయకండి. గ్లవ్ తీసి, గోరువెచ్చటి గట్టి పప్పన్నం మొదటి అయిదు ముద్దలు తనే కలుపుకుని తినాలి, మిగతాది మీరు పెట్టండి. చారన్నం తర్వాత. అది వేళ్ల సందుల్లోంచి జారిపోయి బిడ్డను విసిగిస్తుంది.

వారానికోసారి కాగితం మీద చెయ్యి చాపి పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీసి తేదీ వేయండి. వేళ్ల మధ్య సందు తగ్గుతుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఇన్ని చేసినా, ఎదిగే వయసులో మచ్చను వదులుచేసే ఆపరేషన్ కొందరికి తప్పదు. దాని తర్వాత స్ప్లింట్ మళ్లీ మొదటినుంచీ.