స్నేహితులతో ఫాంటసీ ఆట నడపడం, 3వ పాఠం: కథ రాయకండి, చిక్కు తయారు చేయండి

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో మనిషిగా మాట్లాడుతూ కథలో ముందుకు పోయే ఆట ఇది. మొదటి పాఠంలో నలుగురినీ కూర్చోబెట్టి ఎలాంటి ఆట ఆడబోతున్నామో, ఏ విషయాలు ఆటలోకి రాకూడదో మాట్లాడుకున్నాం. రెండో పాఠంలో క్యారెక్టర్ షీట్లు, అంటే ఒక్కొక్కరూ నడిపే మనిషి వివరాలు, అంకెలు ఉండే కాగితాలు నింపాం. ఈ ఆదివారం మీరు మొదటి సెషన్ నడుపుతారు. అంటే ఆలోపు మీ చేతిలో ఏదో ఒకటి రాసి ఉండాలి. ఏం రాసుకోవాలి, ఏం రాసుకోకూడదు అన్నదే ఈ పాఠం.

ముందు నాకు జరిగింది చెప్తాను, ఎందుకంటే కొత్తగా డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు) సీట్లో కూర్చున్న చాలామందికి ఇదే జరుగుతుంది. నల్లగొండలో మా ఇంటి మేడ మీద మొదటిసారి ఆడినప్పుడు నేను రెండు వారాలు కూర్చుని పద్దెనిమిది పేజీలు రాసుకున్నాను. దేవరకొండ కోటను మనసులో పెట్టుకుని ఏడు కొండల నడుమ ఒక కోట, ఒక్కో దర్వాజ దగ్గర ఒక్కో కాపలా, చివర్లో దొంగల నాయకుడితో యుద్ధం, చచ్చే ముందు వాడు చెప్పే మాటలతో సహా. అందరూ కోట దాకా బాగానే వచ్చారు. దర్వాజ ముందు ఆగిపోయారు. మెడికల్ షాపు నడిపే మిత్రుడు, "లోపలికి ఎందుకు పోవాలి? దొంగలకూ ఆకలి అయితది కదా. బియ్యం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం, ఆ బండిని పట్టుకుందాం" అన్నాడు. మిగతా ముగ్గురూ ఒక్కసారి ముందుకు వంగారు.

నా పద్దెనిమిది పేజీల్లో బియ్యం బండి లేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. దారి మీద బండలు పడ్డాయన్నాను, ఊళ్లో ఎవరికీ ఏమీ తెలియదన్నాను, ఇలా ఒక్కో దారీ మూసుకుంటూ వాళ్లను మళ్లీ దర్వాజ దగ్గరికే తెచ్చాను. యుద్ధం చేశారు, గెలిచారు, చాయ్ తాగి ఇళ్లకు వెళ్లిపోయారు. ఎవరి ముఖంలోనూ వెలుగు లేదు. ఆ సాయంత్రం మొత్తంలో అన్నిటికన్నా మంచి ఆలోచన బియ్యం బండి, దాన్ని తొక్కేసింది నేను. ఆ సంగతి అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది, మీకు అన్ని రోజులు పట్టకూడదనే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఈ ఆట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే విషయం ఇంకా తేలికగా తెలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. అంతకుముందు వాళ్లిద్దరూ బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధాల ఆటలు ఆడినవాళ్లే. సైన్యం మొత్తాన్ని కాకుండా ఒక్కొక్కరూ ఒక్కో మనిషిని నడిపితే ఎలా ఉంటుందన్న దగ్గర ఈ ఆట మొదలైంది. మొదటి రూల్సులో ఆట నడిపేవాడిని రిఫరీ అన్నారు. కబడ్డీ కోర్టులో రిఫరీ ఎవరు ఎటు దూకాలో ముందే రాసుకుని రాడు కదా. మీ పనిలో సగం అదే. మిగతా సగం, ఆడటానికి దమ్మున్న కోర్టు ఒకటి గీసి పెట్టడం.

ఆ కోర్టు ఎలా గీయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. మనకు బాగా తెలిసిన చోటు తీసుకోండి. నేను చెరువు తీసుకుంటాను.

ఒక ఊరు. ఊరికి పెద్ద చెరువు. నిన్న రాత్రి దాకా నిండుగా ఉన్న చెరువు పొద్దున లేచేసరికి ఖాళీ. కట్ట తెగలేదు, అలుగు దూకలేదు, తూము వేసినట్టే ఉంది. మరి నీళ్లు ఎటు పోయాయి? ఇది చిక్కు. ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి, ఒక్కటే కాగితం, ఒక వైపే, అందులో పట్టనిది మీకు అక్కర్లేదు.

ముందు అసలు ఏం జరిగిందో మీ కోసం రాసుకోండి. నా చెరువు కింద ఒక పాత గుడి ఉంది, అందులో తరాల కిందట బంధించిన ఒక పెద్ద సర్పం ఉంది. కట్ట మైసమ్మ గుడి పక్కన పాతిన రాయే దానికి కాపలా. ఊరి దొర కొత్త గడి (దొరలుండే పెద్ద భవంతి) కట్టుకుంటూ ఆ రాయిని రాత్రికి రాత్రి పెకిలించి గోడలో పెట్టించాడు. సర్పం మేలుకుని ఒళ్లు విరుచుకుంది, నీళ్లన్నీ భూమిలోకి గుంజుకుంది.

తర్వాత ఎవరికి ఏం కావాలో రాయండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, దీని మీద ఎక్కువసేపు కూర్చోండి. దొరకు బిడ్డ పెళ్లిలోపు గడి పూర్తి కావాలి, ఆ రాయి సంగతి నిజంగానే ఆయనకు తెలియదు. కింది ఊరి రైతులకు ఆయకట్టుకు నీళ్లు కావాలి, పై ఊరోళ్లే ఏదో చేశారని వాళ్ల అనుమానం. తూము తీసి మూసే నీరటికి తన మీద నింద రాకూడదు. సర్పానికి కృష్ణలో కలిసిపోవాలని ఉంది, అంతకు మించి దానికి ఎవరి మీదా పగ లేదు. చూడండి, ఇందులో చెడ్డవాడు అని ఒక్కడిని వేలు పెట్టి చూపించలేం. ప్లేయర్లు ఎవరి పక్షాన నిలబడినా ఆట నడుస్తుంది. సర్పాన్ని చంపొచ్చు, దొరతో మాట్లాడొచ్చు, రాయిని ఎత్తుకొచ్చి మళ్లీ పాతొచ్చు, లేదంటే సర్పానికే నది దాకా దారి చూపించొచ్చు. వీటిలో ఏది జరగాలో మీరు ముందే అనుకోవద్దు, మనసులో కూడా అనుకోవద్దు, అనుకుంటే తెలియకుండానే వాళ్లను అటు నెడతారు.

మూడోది, ప్లేయర్లు ఏమీ చేయకుండా కూర్చుంటే ఏమవుతుంది? మొదటి రోజు బురదలో చేపలు చచ్చి వాసన కొడుతుంది. రెండో రోజు ఊరి బావులు అడుగంటుతాయి, కింది ఊరి జనం గడ్డపారలు పట్టుకుని కట్ట మీదికి వస్తారు. మూడో రాత్రి పోయిన నీళ్లన్నీ ఒక్కసారిగా పైకి తన్నుకొస్తాయి, కట్ట తెగుతుంది. ఈ మూడు రోజుల సంగతి రాసి ఉంటే, వాళ్లు ఎక్కడికి వెళ్లినా, చెరువును వదిలేసి పక్క ఊరి సంతకు వెళ్లినా సరే, మీ చేతిలో లోకం కదులుతూనే ఉంటుంది.

ఇక ఆధారాల సంగతి. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకే ఆధారం పెట్టుకుని, అది దొరకకపోతే ఆట ఆగిపోయి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం. ప్లేయర్లకు తప్పకుండా తెలియాల్సిన సంగతి ఏదైనా సరే, తెలిసే దారులు మూడు పెట్టండి. రాయి గడికి పోయిందన్న సంగతే తీసుకోండి. మైసమ్మ గుడి పక్కన కొత్తగా తవ్విన గుంత, అక్కడి నుంచి గడి వైపు బండి గీరల జాడ. ఆ రాత్రి కట్ట మీద కాపలా పడుకున్న నీరటి. గడి గోడలో ఎంత ఎండ కాసినా ఆరని ఒక తడి రాయి. మూడింటిలో ఒకటి చూడరు, ఒకటి చూసినా తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు. దాదాపు ప్రతిసారీ ఇలాగే జరుగుతుంది.

ఆధారాల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన చుట్టుపక్కల చూడండి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది, పొద్దంతా అక్కడే ఉంటుంది, సూర్యుడితో పాటు కదలదు. ఎదురుగా చూస్తే ఆ నీడ వేసే స్తంభం ఏదో తేల్చుకోలేం. నేను చెరువు అడుగున పెట్టిన గుడికి ఆ నీడనే తెచ్చుకున్నాను. కదలని నీడ ఎక్కడ పడుతుందో కాపలా రాయి మొదట అక్కడ ఉండేది. మా వాళ్లలో ఇద్దరు చిన్నప్పటి నుంచి ఆ గుడికి వెళ్తున్నవాళ్లే. "చెరువు అడుగున గుడి, లోపల ఒక నీడ, మీరు దీపం అటూ ఇటూ తిప్పినా అది కదలట్లేదు" అనగానే వాళ్లిద్దరి కళ్లూ కలుసుకున్నాయి.

ఇప్పుడు బల్ల దగ్గర ఏం చేయాలో. మొదలుపెట్టేటప్పుడు నాలుగు వాక్యాలు, ఒక ప్రశ్న, అంతకు మించి చెప్పకండి. "తెల్లారింది. మీరు నలుగురూ కట్ట మీద ఉన్నారు. నిన్న నీళ్లున్న చోట పగుళ్లిచ్చిన బురద, అందులో చేపలు కొట్టుకుంటున్నాయి. మీ వెనక ఊరంతా నిలబడి ఉంది, ఒక్కరూ మాట్లాడట్లేదు. ఏం చేస్తారు?" అంతే, ఆగిపోండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దానికి భయపడి మీరే మాట్లాడేయకండి. పది సెకన్లు ఓపిక పడితే ఎవరో ఒకరు నోరు తెరుస్తారు.

పాచికల విషయానికి వద్దాం. అష్టాచెమ్మాలో గవ్వలు ఎన్ని గళ్లు జరగాలో చెప్తాయి. ఇక్కడ పాచిక ఒక ప్రశ్నకు జవాబు చెప్తుంది, కాబట్టి ప్రశ్న లేకుండా వేయించొద్దు. ఓడిపోయినా ఏమీ మారని చోట, గెలవడం ఖాయమైన చోట పాచిక అనవసరం, ఊరికే "అయింది" అనేయండి. వేయాల్సి వస్తే 20 ముఖాల పాచిక వేసి, క్యారెక్టర్‌కున్న అంకె కలపాలి. తేలిక పనికి 10, మామూలు పనికి 15, కష్టమైన పనికి 20 దాటాలి లేదా సమానం కావాలి. +3 ఉన్న క్యారెక్టర్‌కు 15 కావాలంటే పాచిక మీద 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. 20 ముఖాల్లో అలాంటివి 9, అంటే 45 శాతం. పరిస్థితి అనుకూలంగా ఉంటే రెండుసార్లు వేయించి పెద్దది తీసుకోమంటారు, అప్పుడు దాదాపు 70 శాతం అవుతుంది. తేలిక పనికి ఒక్కసారి వేసినా అంతే వస్తుంది, కాబట్టి ఎంత కష్టం పెట్టాలో తోచనప్పుడు పెద్దగా బుర్ర చించుకోకండి. పాచిక లేకపోతే 1 నుంచి 20 దాకా చిట్టీలు రాసి గిన్నెలో వేసుకోండి, తీసిన చిట్టీ ప్రతిసారీ తిరిగి వేయడం మాత్రం మరచిపోవద్దు.

మా బల్ల దగ్గర జరిగింది ఒకటి చూడండి. మా చిన్నమ్మ కొడుకు ఎక్కువగా మాట్లాడడు. తన క్యారెక్టర్ వెళ్లి వేప చెట్టు కింద నీరటి పక్కన కూర్చుంది. నేను భుజం మీది తువ్వాల తీసి వేళ్లకు చుట్టుకుంటూ నీరటిలా మాట్లాడాను. ప్రతి మనిషికీ ఇలాంటి అలవాటు ఒక్కటి చాలు, గొంతు మార్చడం రాకపోయినా పరవాలేదు.

"తాతా, ఆ రాత్రి కట్ట మీద నువ్వే ఉన్నవు కదా."

"నాకేం ఎరుకలేదు బిడ్డా. తూము నేను ముట్టలే. నన్ను అడగకు."

వాడు కాసేపు ఆగాడు. "సరే తాతా, అడగను. చుట్ట ముట్టించి ఇస్తా, ఊకెనే కూసుంటా" అన్నాడు. మిగతా ముగ్గురూ వాడి వైపే చూస్తున్నారు. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే రెండుసార్లు వేసుకోమన్నాను. 4 పడింది, తర్వాత 9. పెద్దది 9, దానికి వాడి +3 కలిపితే 12. చాలలేదు.

ఇక్కడే డీఎం పని ఉంది. "నీరటి నోరు విప్పలేదు" అంటే ఆ మంచి మాటకు విలువ లేకుండా పోతుంది, దారి కూడా మూసుకుపోతుంది. ఓడిపోవడం అంటే పని కాకపోవడమే అని ఏమీ లేదు, పని అయి ఏదో ఒక ఖరీదు పడటం కూడా ఓటమే. నీరటి చుట్ట రెండు దమ్ములు లాగి, "బండి వచ్చింది బిడ్డా. ఎద్దుల మెడల గంటలు లేవు. గంటలు తీసి తెచ్చిండ్రు" అన్నాడు. ఆ మాట అంటూనే తల ఎత్తి ఆగిపోయాడు. కట్ట మీద దొర మనిషి ఒకడు నిలబడి అంతా వింటున్నాడు. వాళ్లకు కావాల్సింది దొరికింది, సాయంత్రానికి దొరకూ కబురు అందుతుంది. ఇప్పుడు ముసలాయనను ఎలా కాపాడాలి అని వాళ్లలో వాళ్లే గట్టిగా వాదించుకోవడం మొదలుపెట్టారు. నేను అరగంట సేపు ఒక్క మాట మాట్లాడలేదు.

నెమ్మదిగా ఉండేవాళ్ల గురించి ఇంకొక్క మాట. "నువ్వేం చేస్తావు?" అని గాలిలో అడిగితే వాళ్లకు ఇబ్బంది. "వీళ్లు వాదించుకుంటుంటే నువ్వు నీరటి దగ్గరే ఉంటావా, ఆ మనిషి వెనక పోతావా?" అని రెండు దారులు చూపించి అడగండి, తప్పకుండా చెప్తారు, చాలాసార్లు మూడో దారి చెప్తారు.

కాగితం అడుగున పది పేర్లు రాసి పెట్టుకోండి. సైదులు, లింగయ్య, ఎల్లమ్మ, నర్సమ్మ, ముత్యాలు, ఇలా. ప్లేయర్లు దారిన పోయే మనిషిని ఆపి పేరు అడుగుతారు, మీరు తడబడితే ఆ మనిషి అప్పుడే కట్టిన అట్టబొమ్మ అని తెలిసిపోతుంది. ఆటను మూడు గంటలు దాటనివ్వకండి, కుతూహలం ఉండగానే ఆపేయండి.

ఈ వారం మీరు చేయాల్సింది: మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో మీకు బాగా తెలిసిన ఒక చోటు తీసుకోండి. చెరువు కావచ్చు, కోయిలకొండ లాంటి కోట కావచ్చు, పిల్లలమర్రి లాంటి చెట్టు కావచ్చు, నల్లమల అంచున ఒక చెంచు పెంట (చిన్న గూడెం) కావచ్చు. అక్కడ నిన్న రాత్రి జరగకూడనిది ఒకటి జరిగింది. ఏం జరిగింది, ఎవరికి ఏం కావాలి, ఎవరూ ఆపకపోతే మూడు రోజుల్లో ఏమవుతుంది, ఒక్క సంగతికి మూడు ఆధారాలు, పది పేర్లు. కాగితం రెండో వైపు తెల్లగా ఉంచండి, ఆట జరుగుతుంటే వాళ్లు చెప్పింది రాసుకోవడానికి అది కావాలి. నాలుగో పాఠంలో ఆ రెండో వైపు నుంచే రెండో సెషన్ తయారు చేస్తాం, ఆదివారం ఆట అయ్యాక దాన్ని పారేయకండి.