పొదుపు సంఘం పెట్టుకోవాలనుకునేవాళ్లకి

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సారా మీద పోరాడిన ఆడవాళ్లు ఆ తర్వాత రోజుకో రూపాయి దాచుకుంటూ పొదుపు సంఘాలు కట్టారు. సంఘాలను బ్యాంకులతో కలిపే పనిని జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో ప్రయోగంగా మొదలుపెట్టింది. ఇప్పుడు పల్లెల్లో ఐకేపీ, వెలుగు అనే ప్రభుత్వ పథకాల సిబ్బంది, పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లు సాయం చేస్తారు. ఎవరూ రాకపోయినా పది మంది కలిసి సొంతంగా మొదలుపెట్టుకోవచ్చు. నిలబడ్డ సంఘాల్లో రెండు లక్షణాలు తప్పకుండా కనిపిస్తాయి: డబ్బు సభ్యుల మధ్య తిరుగుతూ ఉంటుంది, ఆ లెక్క చదువు రాని సభ్యురాలికి కూడా నోటికి వచ్చి ఉంటుంది.

10 నుంచి 20 మంది చాలు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒకే వీధివాళ్లు, దాదాపు ఒకే స్థితిలో ఉన్నవాళ్లు అయితే మంచిది. ఒక ఇంటి నుంచి ఒక్కరే చేరాలి. అత్తాకోడళ్లు ఇద్దరూ చేరితే, ఆ ఇంట్లో కష్టం వచ్చిన నెలలో రెండు వాయిదాలు ఒకేసారి ఆగిపోతాయి. నెల పొదుపు ఎంతో తేల్చేటప్పుడు అందరికంటే తక్కువ సంపాదన ఉన్న సభ్యురాలిని ముందు అడగండి. ఆమె ప్రతి నెలా కట్టగలిగిన మొత్తమే సంఘం మొత్తం. ఎక్కువ పెట్టుకుని మధ్యలో తగ్గిస్తే కట్టుబాటు చెడుతుంది.

ఉదాహరణకి 12 మంది, నెలకు 200 రూపాయలు అనుకుందాం. మూడు నెలల్లో 7,200 చేరతాయి. ఇక ఆగకుండా అప్పులివ్వడం మొదలుపెట్టండి. బ్యాంకులో పడి ఉన్న డబ్బు వల్ల ఎవరి అవసరమూ తీరదు. సభ్యులకు సంఘం మీద నమ్మకం కుదిరేది మొదటి అప్పు సరిగ్గా తిరిగొచ్చిన రోజునే.

వడ్డీ నూటికి నెలకు రూపాయి పెట్టుకుంటే, 5,000 అప్పును పది వాయిదాల్లో తీర్చే సభ్యురాలు నెలకు 500 అసలు, మిగిలిన బాకీ మీద వడ్డీ కడుతుంది. మొదటి నెల వడ్డీ 50, రెండో నెల 45, అలా తగ్గుతూ పదో నెల 5. మొత్తం వడ్డీ 275. చాలా సంఘాలు పొరపాటున పది నెలలూ 50 చొప్పునే రాసేస్తాయి. అప్పుడు 500 అవుతుంది, అంటే తోటి సభ్యురాలి దగ్గర 225 అదనంగా తీసుకున్నట్టే. బయట ఐదు రూపాయల వడ్డీకి తెస్తే ఇదే 5,000కి పది నెలల వడ్డీ 2,500, అసలు అలాగే ఉంటుంది. ఈ రెండు లెక్కలూ మొదటి మీటింగులోనే అందరికీ వేసి చూపించండి.

ఒకే నెలలో నలుగురు అప్పు అడిగితే తలా కాస్త పంచేయకండి. ఆస్పత్రికి 5,000 కావాల్సిన మనిషికి 1,000 ఇస్తే మిగతా 4,000 కోసం మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది. అంత తొందర లేనివాళ్లేమో ఊరికే వచ్చిందని తీసుకుంటారు. ఎవరి అవసరం ముందో అందరూ వినేలా మాట్లాడి తీర్మానం రాయాలి.

మీటింగు నెలకోసారి సరిపోతుందంటారు గానీ, మొదటి ఏడాది వారం వారం కూర్చోవడమే మేలు. పొదుపు మాత్రం నెలకోసారే కట్టినా పర్వాలేదు. డబ్బు చాప మధ్యలో పెట్టి, పుస్తకం రాయని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. ఉదాహరణకి, కిందటి మీటింగులో మిగిలిన పాత నగదు 340, పొదుపు 2,400, వాయిదా 500, వడ్డీ 45, మొత్తం 3,285. ఇచ్చిన అప్పు 3,000. చేతిలో 285 ఉండాలి. పైకి చదివి, నోట్లతో సరిచూసి, ఆ తర్వాతే సంతకాలు. పది రూపాయలు తేడా వచ్చినా ఆ రోజే తేల్చుకోండి. వారం గడిస్తే ఎక్కడ తప్పిందో ఎవరికీ గుర్తుండదు. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు–అప్పుల లెడ్జరు, మనిషికో పాసుపుస్తకం ఉంటే చాలు.

బ్యాంకులో సేవింగ్స్ ఖాతా తెరవడానికి సంఘం తీర్మానం, లీడర్ల కేవైసీ (గుర్తింపు, చిరునామా) పత్రాలు తీసుకెళ్లాలి. ఈ ఖాతా తెరవడానికే సభ్యులందరి కేవైసీ కావాలంటే రిజర్వు బ్యాంకు నిబంధన అలా లేదని మర్యాదగా చెప్పండి. బ్యాంకు అప్పు రావాలంటే సంఘానికి ఉండాల్సిన ఆరు నెలల వయసును ఖాతా తెరిచిన తేదీ నుంచి కాక, మీ పుస్తకాల్లో లావాదేవీలు మొదలైనప్పటి నుంచి లెక్కిస్తారు. అందుకే మొదటి రోజు నుంచే పుస్తకాలు రాయాలి. విత్‌డ్రాయల్ ఫారాల మీద ముందుగా సంతకాలు చేసి ఉంచడం ఎంత నమ్మకస్తుల దగ్గరైనా వద్దు.

సంఘాలు కూలిపోవడానికి మామూలుగా కనిపించే కారణం బినామీ అప్పు. ఒకరి పేరు మీద తీసుకుని ఇంకొకరు వాడుకుంటారు, వాయిదా ఆగినప్పుడు ఇద్దరూ తప్పించుకుంటారు. అప్పు ఇచ్చిన పక్షం రోజుల్లో ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి వెళ్లి డబ్బు దేనికి ఖర్చయిందో చూసి రావడం ఆనవాయితీగా పెట్టుకోండి. మొదటి అప్పు నుంచీ అందరి ఇంటికీ వెళ్తే ఎవరూ నొచ్చుకోరు. లీడర్లను కూడా రెండేళ్లకోసారి మార్చాలి. ఏళ్ల తరబడి ఒకరే ఉంటే మిగతావాళ్లు పుస్తకం తెరవడమే మానేస్తారు.

వాయిదా తప్పితే చిన్న జరిమానా, పది రూపాయలు చాలు. జబ్బో చావో వచ్చిన ఇంటికి మాత్రం తీర్మానం రాసి గడువు ఇవ్వండి. ఆ సాయం కోసమే కదా సంఘం పెట్టుకున్నది.

ఎవరైనా మానేస్తానంటే గొడవ పడక్కర్లేదు. రెండేళ్ల పొదుపు 4,800, లాభంలో వాటా 350, బాకీ 1,500 ఉంటే ఆమెకు 3,650 రావాలి. ఆ డబ్బు మీటింగులోనే అందరి ముందూ ఇచ్చి, తీర్మానాల పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకుని, పాసుపుస్తకంలో ఖాతా ముగిసిందని రాసివ్వండి.