కుండీలో ఘాటు మిరపను గుర్తుపట్టి పెంచడం ఎలా?

బెంగళూరులో మన తెలుగు ఇళ్ల బాల్కనీల్లో తులసి, కరివేపాకుల పక్కన మిరప మొక్క తరచుగా కనిపిస్తుంది. ఊరి నుంచి తెచ్చుకున్న ఎండుమిరపకాయల్లోంచి రాలిన గింజలు చల్లినా మొలుస్తాయి కనుక, దీనికి పెద్ద శ్రద్ధ అక్కరలేదనుకుంటాం. అయితే మిరప మొలవడం తేలికే గాని, కుండీలో నిలబడి కాయడం అంత తేలిక కాదు. ముఖ్యంగా నాగా మిరప వంటి తీవ్రమైన ఘాటు రకాలను పెంచదలచినవారు తమ చేతిలో ఉన్నది ఏ జాతి మొక్కో ముందుగా తెలుసుకోవాలి. ఎంత కుండీ కావాలో, ఎన్ని నెలలు ఎదురుచూడాలో దాన్ని బట్టే తేలుతుంది.

మొదట కణుపు చూడండి

సాగులో ఉన్న మిరప జాతులు ఐదు. వాటిలో మన కుండీల్లోకి సాధారణంగా వచ్చేవి మూడు. గుంటూరు సన్నం, బ్యాడగి కాప్సికం యాన్యుమ్ జాతివి. కేరళ వారి కాంతారి మిరప ఫ్రూటిసెన్స్ జాతిది. హబనేరో, కరోలినా రీపర్ చైనెన్స్ జాతివి. 2007లో ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపగా గిన్నిస్ గుర్తింపు పొందిన ఈశాన్య రాష్ట్రాల భూత్ జోలోకియా, అంటే నాగా మిరప, కూడా ప్రధానంగా చైనెన్స్ వర్గంలోకే వస్తుంది.

లేత మొక్కగా ఉన్నప్పుడు ఆకును చూసి వీటిని వేరుచేయడం కష్టం. పూత వచ్చాక తెలుస్తుంది. యాన్యుమ్‌లో ఒక్కో కణుపు దగ్గర సాధారణంగా ఒకే తెల్లని పువ్వు పూస్తుంది. చైనెన్స్‌లో ఒకే కణుపు నుంచి రెండు మొదలు నాలుగైదు పూల దాకా వేలాడతాయి. కాయ దిగాక ముచ్చికను దగ్గరగా చూస్తే, అది తొడిమను కలిసే చోట దారం బిగించి కట్టినట్టు సన్నని నొక్కు కనిపిస్తుంది. ఫ్రూటిసెన్స్ పూలలో లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, చిన్న కాయలు పైకి నిక్కి ఉంటాయి. పైకి నిక్కిన కాయలు యాన్యుమ్‌లో కూడా కొన్ని రకాలకు ఉంటాయి కనుక, ఆ ఒక్క గుర్తునే నమ్ముకోకూడదు.

నాగా మిరప అని చెప్పగా నర్సరీలో కొన్న ఒక మొక్కను నేను నాలుగు నెలలు పెంచాను. చివరికి కణుపుకు ఒక్కొక్క తెల్లని పువ్వు పూసి, అలంకరణ కోసం పెంచే చిన్న మిరప అని తేలింది. అప్పటి నుంచి పూత ఉన్న మొక్కనే అడిగి, కణుపు చూసి మరీ తీసుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

గింజ, నారు

ఘాటు మాత్రమే ముఖ్యం, విదేశీ రకమే కావాలన్న పట్టుదల లేదు అనుకునేవారికి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్కా లోహిత్ మంచి ఎంపిక. గింజలను ఒక రాత్రి నానబెట్టి, తడిపిన కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొడిలో, పావు అంగుళం లోతున వేయాలి. మొలకకు 25 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి రాత్రులు 15 డిగ్రీల దాకా దిగుతాయి కనుక, ఫిబ్రవరి రెండో సగం వరకు ఆగడం మేలు. యాన్యుమ్ వారం పది రోజుల్లో మొలుస్తుంది. చైనెన్స్‌కు మూడు నాలుగు వారాలు పట్టినా కంగారు పడనక్కరలేదు. ఈ దశలో నీరు ఎక్కువైతే నారుకుళ్ళు తెగులు సోకి మొలకలు మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోతాయి.

కుండీ, మట్టి, నీరు

నాలుగైదు ఆకులు వచ్చాక మార్చి నాటాలి. యాన్యుమ్‌కు 12 అంగుళాల కుండీ చాలు. చైనెన్స్‌కు 15 అంగుళాలది కావాలి. రెండు పాళ్ల ఎర్రమట్టి, రెండు పాళ్ల కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి కలిపితే సరిపోతుంది. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కనుక ముందు రెండుసార్లు కడగాలి. కుండీకి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి.

మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల వాడేది బోరు నీరు. దానిలోని లవణాలు కొన్నాళ్లకు మట్టి మీద తెల్లని పొరగా పేరుకుంటాయి. నెలకొకసారి అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా పట్టిన వాన నీరు గాని, కావేరి నీరు గాని పోసి ఆ ఉప్పును కడిగేయాలి. మిగతా రోజుల్లో వేలు రెండు కణుపుల లోతు దించి, మట్టి పొడిగా తగిలితేనే నీరు పోయాలి. మధ్యాహ్నం వాడిన ఆకు సాయంత్రానికి తేరుకుంటే అది దాహం కాదు, ఎండ వేడి.

మొక్క ఆరేడు అంగుళాలు పెరిగాక తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. నత్రజని ఎక్కువున్న ఎరువులు పదేపదే వేస్తే ఆకు గుబురుగా పెరుగుతుంది, పూత మాత్రం రాదు.

ఆకు ముడత

కుండీ మిరపను ఎక్కువగా దెబ్బతీసేది ముడతే. అన్ని ముడతలూ ఒకటి కావు. ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడుచుకుంటే అది తామర పురుగుల పని. తెల్ల కాగితం మీద కొమ్మను తట్టి చూస్తే సన్నని గీతల్లాంటి పురుగులు పాకుతూ కనిపిస్తాయి. అంచులు కిందికి ముడుచుకుని, ఆకు కాడ సాగి, ఆకు తిరగేసిన పడవలా మారితే అది నల్లి. ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, కొమ్మ చివర కుచ్చులా గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దీనికి మందు లేదు. పక్క కుండీలకు అంటకముందే ఆ మొక్కను తీసేయడం బాధగా ఉన్నా తప్పదు.

తామర పురుగులకు నీలి రంగు జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపు రంగువి వేలాడదీయాలి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి వారానికొకసారి, పొద్దు వాలాక, ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి. నల్లికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పనిచేస్తుంది, కాని దాన్ని వేపనూనె చల్లిన రెండు వారాల్లోపు వాడితే ఆకు మాడుతుంది.

పూత, కాయ, గింజ

పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి బాగా చల్లబడినా పూత రాలుతుంది. తేనెటీగలు అంతగా రాని పై అంతస్తుల్లో ఉదయం పూట పూలకొమ్మను వేలితో నెమ్మదిగా తడితే పుప్పొడి రాలి కాయ కడుతుంది.

నాటిన రెండు నెలల నుంచి యాన్యుమ్ పచ్చికాయలు కోయవచ్చు. చైనెన్స్ పండడానికి నాలుగు నెలలైనా పడుతుంది. ఘాటు ఎక్కువగా గింజలను పట్టి ఉంచే తెల్లని పొరలో ఉంటుంది. నాగా మిరపను తొడుగులు లేకుండా కోయకండి, కోసిన చేతిని కంటి దగ్గరికి తీసుకెళ్లకండి. కారం నూనెలో కరుగుతుంది గాని నీటిలో కరగదు. అందుకే చేతికి ముందు నూనె రాసి, ఆ తరువాత సబ్బుతో కడగాలి.

వచ్చే ఏటికి గింజ కావాలంటే, పక్క కుండీలోని మిరప పుప్పొడి కలవకుండా విచ్చని మొగ్గకు పలుచని గుడ్డ సంచి తొడగండి. కాయ కట్టగానే సంచి తీసి, తొడిమకు గుర్తుగా దారం కట్టండి. ఆ కాయ పూర్తిగా ఎర్రబడి తోలు ముడతలు పడ్డాకే కోసి, గింజలను నీడలో ఆరబెట్టి, పేరు, నెల రాసిన కాగితం పొట్లంలో దాచండి.