చైన్‌సా (రంపపు మిషన్) అరువుకో కిరాయికో ఇచ్చే ముందు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎక్కడివక్కడ పడిపోయాయి. అలాంటప్పుడు రంపపు మిషన్ ఉన్నవాడి గుమ్మం ముందు జనం బారులు కడతారు. కాదనలేం. ఇచ్చేముందు ఇవి చూసుకోండి:

• పెట్రోలు. ఎక్కువ మిషన్లు పాడయ్యేది ఇక్కడే. టూ స్ట్రోక్ ఇంజనుకి పెట్రోల్లో ఆయిల్ కలపాలి. కొన్నింటికి లీటరుకి 20 మి.లీ., కొన్నింటికి 40, మీ మిషన్ పుస్తకంలో ఏముందో అదే. ఉత్త పెట్రోలు పోసి నడిపితే పిస్టన్ గీరుకుపోయి పట్టేస్తుంది. అందుకే కలిపిన డబ్బా మీరే ఇవ్వండి, మూత మీద రాసి.

• చైన్ ఆయిల్ ట్యాంకు వేరు. ఏది ఎందులో పోయాలో చేత్తో చూపించండి.

• తిరిగే చైన్‌ని వెంటనే ఆపే చైన్ బ్రేక్ పట్టకపోతే బావమరిదికైనా ఇవ్వొద్దు. బార్ (చైన్ తిరిగే పొడుగాటి పట్టీ) కొస పైభాగం కొమ్మకి తగిలితే మిషన్ ఒక్కసారిగా మనిషి మీదికి ఎగురుతుంది.

• నడిపేదెవరు? అడిగినవాడు కాదు, నడిపేవాడు మీ ఎదుట స్టార్ట్ చేసి, ఆపి చూపించాలి. పడిన చెట్టు బిగువులో ఉంటుంది, కోస్తే తన్నుతుంది. కొత్తవాడి పని కాదు. నేనైతే మిషన్‌తో పాటు మనిషినీ పంపి కూలి కలిపి తీసుకుంటాను.

• కళ్లద్దాలు, బూట్లు.

• మిషన్ ఫోటో తీసి, అడ్వాన్సు, తిరిగిచ్చే రోజు కాగితం మీద పెట్టండి. మొహమాటమే. కానీ కిరాయి తీసుకున్నాక ఎవరికైనా దెబ్బ తగిలితే "మిషన్ బాగోలేదు" అన్న మాట ముందు మీ మీదికే వస్తుంది.