చుక్కాని కర్ర నుండి చక్రానికి – మూడవ పాఠం: వైరు తాడు నడిచే దారి

మొదటి పాఠంలో చుక్కాని కడ్డీ బేరింగుల అరుగుదలను పరీక్షించాము. రెండవ పాఠంలో, గాలి హెచ్చినప్పుడు పడవ తనంతట తాను గాలివైపు తిరగబోయే గుణాన్ని తెరచాపల సర్దుబాటుతో ఎలా తగ్గించాలో నేర్చుకున్నాము. ఆ రెండు పనులూ ముగించనివారు దయచేసి ఇక్కడే ఆగి వాటిని పూర్తిచేయండి. చుక్కానిని తిప్పే కర్రకు బదులు స్టీరింగ్ చక్రం అమర్చినంత మాత్రాన పడవ లాగుడు తగ్గదు. ఆ లాగుడు చేతికి తెలియడం మాత్రమే తగ్గుతుంది. చేతికి తెలియని బరువు వైరు తాడు మీద, కప్పీల మీద, కడ్డీ మీద పడుతూనే ఉంటుంది.

ఈ పాఠానికి కూడా ఉదాహరణగా కాటలీనా 27నే తీసుకుంటున్నాను. 1971 నుండి రెండు దశాబ్దాల పాటు అమెరికాలో ఆరు వేలకు పైగా తయారైన ఈ పడవ నేటికీ పాతవాటి సంతలో తక్కువ ధరకు దొరుకుతుంది. దీని చుక్కాని కడ్డీ పడవ అడుగు గుండా లోపలికి వస్తుంది కనుక క్వాడ్రంట్‌ను, అంటే వైరు తాడు లాగినప్పుడు కడ్డీని తిప్పే విల్లు అంచు పలకను, లోపలే బిగించవచ్చు. చుక్కాని పడవ వెనుక పలకకు బయట వేలాడే చిన్న పడవలకు ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. అటువంటి పడవ ఉన్నవారికి నా సలహా కర్రనే ఉంచుకోమని. పడవ ముందు భాగాన్ని అణియమనీ వెనుక భాగాన్ని అమరమనీ ఈ పాఠాలలో వాడుతున్న సంగతి గుర్తుండే ఉంటుంది.

ముందుగా బరువు లెక్క చూద్దాము. చుక్కాని రెక్క వైశాల్యం 0.3 చదరపు మీటరు, వేగం 6 నాట్లు, అంటే సెకనుకు సుమారు 3.1 మీటర్లు అనుకుందాము. చుక్కానిని బాగా తిప్పినప్పుడు ఆ వేగంలో రెక్క మీద నీరు చూపే బలం దాదాపు 150 కిలోల బరువుకు సమానం. ఆ బలం కడ్డీకి 5 సెంటీమీటర్లు వెనుక పనిచేస్తుంటే కడ్డీ మీద మెలి (బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది) 150 × 0.05 = 7.5 అవుతుంది. మీటరు పొడవు కర్ర పట్టుకున్న చేతికి అది 7.5 కిలోలుగా తెలుస్తుంది. అదే మెలిని 25 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల క్వాడ్రంట్ ఆపవలసివస్తే వైరు తాడులో బిగువు 30 కిలోలు. తాడు కొసలకు కలిపిన గొలుసు, స్టీరింగ్ చక్రపు ఇరుసు మీదున్న పళ్ల చక్రం మీద తిరుగుతుంది. ఆ పళ్ల చక్రం వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు, స్టీరింగ్ చక్రం వ్యాసార్ధం 35 సెంటీమీటర్లు అయితే, రాపిడిని వదిలిపెట్టి చూసినప్పుడు చేతికి 4.3 కిలోలే తెలుస్తుంది. ఈ మూడు అంకెలను పక్కపక్కన రాసుకుని చూడండి: చేయి తేలికపడింది, కానీ మునుపు లేని 30 కిలోల లాగుడు పడవ లోపల కొత్తగా పుట్టింది. నీటి బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, పెద్ద అల వీపు మీద పడవ జారి వేగం రెట్టింపయిన క్షణంలో ఆ లాగుడు నాలుగింతలవుతుంది. మీ పడవ చుక్కానిలో కడ్డీకి ముందువైపు రెక్క ఏమీ లేకపోతే, బలం 5కు బదులు 15 సెంటీమీటర్ల దూరాన పనిచేయవచ్చు. అప్పుడు పై అంకెలన్నీ మూడింతలు.

క్వాడ్రంట్ పరిమాణం చక్రం ఎన్ని చుట్లు తిరగాలో కూడా నిర్ణయిస్తుంది. చుక్కాని ఒక్కో వైపుకు 35 డిగ్రీల చొప్పున మొత్తం 70 డిగ్రీలు తిరగాలి. 25 సెంటీమీటర్ల క్వాడ్రంట్ అంచున అది 30.5 సెంటీమీటర్ల తాడు ప్రయాణం. పళ్ల చక్రం చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు కనుక చక్రం ఈ చివర నుండి ఆ చివరకు ఒక్క చుట్టు తిరిగితే చాలు. 40 సెంటీమీటర్ల క్వాడ్రంట్ పెడితే చుట్టున్నర దాటుతుంది, తాడు బిగువు 19 కిలోలకు దిగుతుంది. స్థలం పట్టేటంత వరకు పెద్ద క్వాడ్రంటే మేలు. గొలుసు పొడవును మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. గొలుసుకూ తాడుకూ కలిపిన జోడు ఏ చివరన కూడా పళ్ల మీదికి ఎక్కకూడదు. మన ఉదాహరణలో పళ్ల మీద సగం చుట్టుకు 16, ప్రయాణానికి 31 సెంటీమీటర్లు పోగా రెండు వైపులా కొంత మిగలాలి కనుక 60 సెంటీమీటర్లకు తగ్గకుండా తీసుకోవాలి.

ఇక ఈ పాఠానికి గుండెకాయ వంటి విషయానికి వద్దాము. చక్రం వెనుక నిలబడి అణియం వైపు చూడండి. గొలుసు పళ్ల చక్రం మీదుగా వేలాడుతూ రెండు కొసలూ పెడస్టల్ (చక్రాన్ని నిలబెట్టే బోలు దిమ్మ) లోపలికి దిగుతాయి. చక్రాన్ని కుడికి తిప్పితే కుడి కొస కిందికి వదులవుతుంది, ఎడమ కొస పైకి లాగబడుతుంది. ఆ ఎడమ కొస తాడును తిన్నగా తీసుకుపోయి క్వాడ్రంట్ ఎడమ అంచుకు కట్టితే, ఆ అంచు అణియం వైపుకు కదులుతుంది, కడ్డీకి వెనుకనున్న చుక్కాని రెక్క ఎడమకు పోతుంది, పడవ ఎడమకు తిరుగుతుంది. చక్రం ఒక వైపు, పడవ మరొక వైపు! అందుకే పెడస్టల్ అడుగున తాళ్లు రెండూ ఒకదానినొకటి దాటి, ఎడమది కుడి అంచుకు, కుడిది ఎడమ అంచుకు చేరాలి. ఈ దాటే చోట ఒక తాడు మరొకదానికి రాసుకోకుండా కప్పీలను ఒకటి ముందు, ఒకటి వెనుకగా గాని, ఎత్తు తేడాతో గాని బిగించాలి.

కర్ర పట్టుకున్నప్పుడు ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుందన్న అలవాటు మనకు బలంగా ఉంటుంది కనుక ఇక్కడ తికమక సహజం. పెద్ద ఓడల్లో సైతం ఆ తికమక చాలా కాలం నడిచింది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మీద వినిపించిన ఆజ్ఞ కుడి వైపును పలికింది. కర్ర కుడికి పోవాలన్నది దాని అర్థం, ఓడ తిరగవలసింది మాత్రం ఎడమకు. ఓడ తిరగవలసిన దిక్కునే ఆజ్ఞలో పలకాలని 1929లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ ఒప్పందం నిర్ణయించింది.

తాడుగా ఏడు పేటలు, ఒక్కో పేటలో 19 తీగలు ఉండే 7×19 స్టెయిన్‌లెస్ వైరు తాడునే వాడండి. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే 1×19 తాడు చాలా బిరుసు. కప్పీ మీద పదేపదే వంగితే లోపల తీగలు తెగుతాయి. కప్పీ వ్యాసం తాడు మందానికి 16 రెట్లకు తగ్గకూడదు, అంటే 5 మిల్లీమీటర్ల తాడుకు కనీసం 80 మిల్లీమీటర్లు. తాడు 90 డిగ్రీలు మలుపు తిరిగే చోట కప్పీ మీద పడే బరువు బిగువుకు 1.4 రెట్లు, కాబట్టి కప్పీని మర మేకులతో ఫైబర్‌గ్లాస్‌కు బిగించి వదిలేయకండి. బోల్టులు ఆవలికి దూర్చి వెనుక మందపాటి పలక వేయండి. తాడు కప్పీ గాడిలోకి తిన్నగా రావాలి. కొద్దిపాటి వాలు ఉన్నా గాడి అంచును రాసి తాడు పీచు లేస్తుంది, ఒక్క గాలివానలోనే గాడి తప్పి పక్కకు జారవచ్చు.

చుక్కాని మరీ దూరం తిరగకుండా ఆపే అడ్డు చక్రం దగ్గర గాని, గొలుసు దగ్గర గాని ఉండకూడదు. క్వాడ్రంట్‌కు తగిలేలా పడవ గట్టి భాగానికి బిగించాలి. పడవ వెనుకకు నడిచేటప్పుడు నీరు చుక్కానిని ఒక్కసారిగా పక్కకు విసిరేస్తుంది. ఆ దెబ్బను ఆ అడ్డు కాయాలే తప్ప తాడు కాయరాదు.

రంధ్రం వేయడానికి ముందు ఒక రోజు కేటాయించి అట్టతో క్వాడ్రంట్ కత్తిరించి కడ్డీకి కట్టండి, తాడుకు బదులు నూలు దారం లాగండి, చుక్కానిని రెండు చివరలకూ తిప్పి దారం దేనికీ తగలడం లేదని టార్చిలైటు వెలుగులో చూడండి. అదే రోజు కడ్డీ తలకు పాత కర్రను తిరిగి తొడిగి, నిలబెట్టిన అట్ట పెడస్టల్‌కు తగలకుండా రెండు వైపులా ఎంత దూరం తిరుగుతున్నదో కొలవండి. తాడు తెగిన నాడు పడవను ఒడ్డు చేర్చేది ఆ కర్రే. దానికి అడ్డం వస్తే పెడస్టల్‌ను అణియం వైపుకు జరపండి, లేదా కర్రను పొట్టిగా చేయించండి. ఆ కొలత తేలిన తరువాతనే కాక్‌పిట్ (పడవ నడిపేవారు ఉండే చోటు) నేల మీద రంధ్రాలకు గుర్తులు పెట్టండి.